వారంటీ ఉన్నా రిపేరు కుదరదంటున్నారు, ఏం చెయ్యాలి? (డాలస్)

ఫ్రిస్కో_కొత్త:
అందరికీ నమస్కారం. డాలస్ వచ్చి తొమ్మిది నెలలైంది, హెచ్1 మీద ఉన్నాను. అయిదు నెలల క్రితం రెండేళ్ల వయసున్న జర్మన్ లగ్జరీ ఎస్‌యూవీ కొన్నాను. అప్పటికి 21,000 మైళ్లు తిరిగింది. కంపెనీ వారంటీ 4 ఏళ్లు లేదా 50,000 మైళ్లు, అంటే ఇంకా చాలా మిగిలి ఉంది. పోయిన వారం పెద్ద వాన పడ్డాక డాష్‌బోర్డు నిండా లైట్లు వెలిగాయి, డిక్కీ తనంతట తనే తెరుచుకుంటోంది. డీలర్ దగ్గర చూపిస్తే పక్క సీటు కింద కార్పెట్ తడిసిందనీ, దాని కింది మాడ్యూల్ (ఎలక్ట్రానిక్ కంట్రోల్ పెట్టె) పోయిందనీ చెప్పారు. 6,400 డాలర్లట. సన్‌రూఫ్ డ్రెయిన్‌లో (నీళ్లు బయటికి పోయే గొట్టంలో) చెత్త అడ్డుపడి నీళ్లు దిగాయి, అది 'బయటి కారణం', వారంటీ వర్తించదు అన్నారు. వేరే డీలర్ దగ్గరికి వెళితే పనవుతుందా? కంప్లయింట్ పెడితే వీసాకి ఇబ్బందా? రెండు రోజులుగా నిద్ర లేదు, టెన్షన్‌గా ఉంది.

ఎడిసన్_పాతకాపు:
తమ్ముడూ, ఏం భయపడకు. లెమన్ లా ఉంది, అంటే బాగుకాని లోపం ఉన్న కారు కొన్నవాళ్లని కాపాడే చట్టం. 24 నెలలు లేదా 24,000 మైళ్ల లోపు, మూడుసార్లు తీసుకెళ్లినా బాగవకపోయినా, మొత్తం 20 రోజులు షాపులోనే ఉన్నా కంపెనీ కారు వెనక్కి తీసుకోవాల్సిందే. ఇరవై రెండేళ్లుగా ఇక్కడున్నాను, ఇద్దరు ఫ్రెండ్స్‌కి దగ్గరుండి చేయించాను. ఇంకోసారి కారు తీసుకెళ్లి లెక్క మొదలుపెట్టు.

ఓరుగల్లు_ఇర్వింగ్:
అన్నా, మీరు చెప్పింది న్యూజెర్సీ రూలు. తమ్ముడు ఉన్నది టెక్సాస్‌లో, కొన్నది వాడిన కారు. ఇక్కడ లెమన్ లా కింద డబ్బు వాపసుగానీ బదులు కారుగానీ కొత్త కారు కొన్నవాళ్లకే. కానీ కంపెనీ ఒరిజినల్ వారంటీ ఇంకా నడుస్తుంటే, వాడిన కారైనా సరే, 'వారంటీ ప్రకారం రిపేరు చేయించండి' అని టెక్సాస్ మోటారు వాహనాల శాఖకి ఫిర్యాదు పెట్టొచ్చు. తమ్ముడికి కావాల్సింది అదే. దాన్ని పట్టుకోవాలి.

నా సంగతి చెప్తా, కొంచెం ఓపికగా చదువు. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యొద్దు. 2019లో నా కారుకి మూడో ఏడు నడుస్తుండగా ఇంజన్‌లో టకటకమని చప్పుడు మొదలైంది. డీలర్ దగ్గరికి తీసుకెళ్తే 'ఆయిల్ మా దగ్గర మార్పించలేదు, మా సిస్టంలో రికార్డు లేదు, కాబట్టి వారంటీ లేదు' అని సర్వీస్ అడ్వైజర్ నోటిమాటగా చెప్పాడు. నేనూ నోటిమాటగానే కొట్లాడిన. ఆరు వారాలు! ఆఫీసు లంచ్ టైంలో పార్కింగ్‌లో నిలబడి ఫోన్ చేసేవాణ్ణి. ఒకసారి మేనేజర్ లేడంటారు, ఒకసారి రేపు పిలుస్తామంటారు. పోన్లే డబ్బు కట్టేద్దామనే వరకు వచ్చిన. అప్పుడు మా పక్కింటి పెద్దాయన, రిటైరైన అమెరికన్, ఒకే ఒక్క మాట అడిగాడు: 'వాళ్లు కుదరదన్న కాగితం ఏది?' నా దగ్గర లేదు. నేను అడగనేలేదు.

మరునాడు పోయి రిపేర్ ఆర్డర్ (డీలర్ రాసిచ్చే పని కాగితం) మీద కారణం రాసియ్యమన్న. చాలాసేపు నాన్చి రాసిచ్చారు. ఆ రాత్రి కూర్చుని మూడేళ్ల బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసి, బయట షాపులో ఆయిల్ మార్పించిన ప్రతిసారీ ఎరుపు పెన్నుతో గుర్తు పెట్టిన. ఆ షాపుకి వెళ్లి అడిగితే పాపం వాళ్లు పాత బిల్లులన్నీ ప్రింట్ తీసిచ్చారు, ఏ రకం ఆయిల్ పోశారో, అప్పటికి మైళ్లెన్నో సహా. అన్నీ కలిపి కంపెనీ హెడ్డాఫీసుకి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపిన. ఉత్తరంలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం పేరు రాసిన. సర్వీసు బయట చేయించారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దనడం ఆ చట్టం ప్రకారం కుదరదు. ఆ బయటి పని వల్లే చెడిపోయిందని కంపెనీయే చూపించాలి. పన్నెండు రోజుల్లో ఫోన్ వచ్చింది, రిపేరంతా ఫ్రీగా చేసిచ్చారు. ఆరు వారాల అరుపులకి కదలనిది పది కాగితాలకి కదిలింది.

అందుకని తమ్ముడూ, ఇంకో డీలర్ సంగతి తర్వాత. ముందు ఈ డీలర్ దగ్గర కాగితం తీసుకో.

ప్లేనో_గుంటూరు:
కొత్తగా వచ్చేవాళ్లకి ఒక మాట చెప్పాలి, ఏమనుకోవద్దు. మొదటి మూడేళ్లు టొయోటా, హోండా దాటి చూడకండి. మన పిల్లలు దిగగానే లగ్జరీ కారంటారు, తర్వాత ఒక్క రిపేరుకి ఇంటికి పంపాల్సిన డబ్బు ఆగిపోతుంది. బాధతో చెప్తున్నాను, మా బావమరిది ఇలాగే ఇబ్బంది పడ్డాడు.
ఇక అసలు విషయం: వాన నీరు కదా, నీ ఇన్సూరెన్స్‌లో కాంప్రహెన్సివ్ (గుద్దుకోవడం కాకుండా వేరే నష్టాలకి వచ్చే కవరేజి) ఉంటే ఈరోజే క్లెయిమ్ వెయ్యి. డిడక్టిబుల్ (మన వాటా) కట్టి బయటపడు, డీలర్‌తో గొడవెందుకు?

ఓరుగల్లు_ఇర్వింగ్:
ప్లేనో అన్నా, కారు కొనేశాడు. ఇప్పుడు టొయోటా మాటలు వాడికి ఏం పనికొస్తాయి? ఇన్సూరెన్స్ మాట మాత్రం ఆగండి. 'వాన నీళ్ల వల్ల పాడైంది' అని నువ్వే సంతకం పెట్టి క్లెయిమ్ వేస్తే, బయటి కారణమని డీలర్ అంటున్నదాన్ని నువ్వే ఒప్పుకున్నట్టు చూపిస్తారు. పైగా ఆ క్లెయిమ్ కారు హిస్టరీలోకి ఎక్కిందంటే రేపు అమ్మేటప్పుడు ధర పడిపోతుంది. మెల్లగా కారిన నీటికి ఇన్సూరెన్స్ వాళ్లూ తరచు 'మెయింటెనెన్స్ లోపం' అనే చెప్తారు. అప్పుడు రెండు తలుపులూ మూసుకుపోతాయి.

ప్లేనో_గుంటూరు:
సరే, ముందు వారంటీ తేల్చుకోమనడం న్యాయమే. కానీ పాలసీలో ఎన్నాళ్లలోపు చెప్పాలో చూసుకోకుండా నెలలు గడిపితే అదీ పోతుంది. పాలసీ చదువు బాబూ, నేననేది అంతే. ఎలుకలు వైర్లు కొరికితే మాత్రం మామూలుగా కాంప్రహెన్సివ్ కిందికి వస్తుంది, ఆ సంగతి అందరూ గుర్తుంచుకోండి. మా అపార్ట్‌మెంట్ గ్యారేజీలో ఇద్దరికి జరిగింది.
కాగితం అంటే గుర్తొచ్చింది, ఇల్లు ఖాళీ చేసేవాళ్లకి కూడా: టెక్సాస్‌లో డిపాజిట్ 30 రోజుల్లో తిరిగివ్వాలి, కానీ కొత్త అడ్రసు రాతపూర్వకంగా ఇస్తేనే. నేను ఫోన్‌లో చెప్పి ఊరుకున్నాను. 1,100 డాలర్ల కోసం నాలుగు నెలలు తిరిగాను.

ఫ్రీమాంట్_అక్క:
ఫ్రిస్కో తమ్ముడికి: మా వారి కారుకి అచ్చం ఇదే జరిగింది, అందుకే రాస్తున్నాను. సన్‌రూఫ్ తెరిస్తే మూలల్లో పెన్సిల్ పట్టేంత రంధ్రాలుంటాయి. వాటి నుంచి సన్నని గొట్టాలు తలుపుల పక్క స్తంభాల లోపలగా కిందికి దిగుతాయి. ఒక్కో మూలలో అరకప్పు నీళ్లు మెల్లగా పోసి కారు కింద చూడండి. నేలమీద ధార పడితే గొట్టం బాగున్నట్టు. నీళ్లు అక్కడే నిలిచిపోతే అడ్డు ఉన్నట్టు. పోసిన నీళ్లు పోతున్నా కారు కింద పడకుండా కార్పెట్ తడిస్తే గొట్టం లోపలే ఊడినట్టు. ఊడితే అది బిగింపులో లోపం, చెత్త కాదు. మాకు అదే తేలింది. కార్పెట్ ఎత్తితే కింద స్పాంజి నానిన గోనెసంచిలా కంపు కొట్టింది, కనెక్టర్ పిన్నులకి పచ్చగా చిలుము పట్టింది. ఫొటోలు తీశాక డీలర్ మాట మారింది. కారు వాళ్ల దగ్గరే ఉంటే మీ ఎదుటే ఈ పరీక్ష చెయ్యమనండి, ఫోన్‌లో వీడియో తీసుకోండి.
ఇంకోటి, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (రోడ్డు భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సైట్‌లో మీ మోడల్, సంవత్సరం కొట్టండి. కంపెనీ డీలర్లకి పంపే సర్వీస్ బులెటిన్లు అక్కడ ఉంటాయి. నీళ్లు దిగడం మీద బులెటిన్ ఉంటే ప్రింట్ తియ్యండి. సమస్య కంపెనీకి ముందే తెలుసన్నమాట.

ఎడిసన్_పాతకాపు:
కాలిఫోర్నియాలో అయితే వాడిన కారైనా లెమన్ లా వస్తుంది కదా అక్కయ్యా?

ఫ్రీమాంట్_అక్క:
ఇదివరకు చాలామంది అలాగే గెలిచారు. 2024 అక్టోబరులో మా రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది: కంపెనీ వారంటీ మిగిలి ఉన్నంత మాత్రాన వాడిన కారు 'కొత్త వాహనం' అయిపోదు, దాని పేరుమీద డబ్బు వాపసు అడగడానికి లేదు. పాత కబుర్లు నమ్మి లాయర్ చుట్టూ తిరగొద్దని మా ఊరి గ్రూపులో కూడా చెప్తూనే ఉన్నాను.

ఓరుగల్లు_ఇర్వింగ్:
వీసా సంగతి ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, ఇది కొన్నవాడికీ కంపెనీకీ మధ్య డబ్బు గొడవ, క్రిమినల్ కేసు కాదు. ఫిర్యాదు పెట్టినా చిన్న కోర్టుకి వెళ్లినా హెచ్1కి సంబంధం లేదు. మనవాళ్లు ఆ భయంతోనే వేలకి వేలు వదులుకుంటున్నారు, చూస్తే కడుపు తరుక్కుపోతుంది. షోరూంలో అరవకు, అంతే. టెక్సాస్‌లో జస్టిస్ కోర్టు 20,000 డాలర్ల దాకా దావాలు వింటుంది, లాయర్ లేకుండా నువ్వే వేసుకోవచ్చు. వినియోగదారుల చట్టం కింద వేసేట్టయితే మాత్రం 60 రోజుల ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. కారు కొన్న కాగితాల్లో ఆర్బిట్రేషన్ షరతు (కోర్టుకి బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలన్నది) ఉందేమో కూడా చూడు.

ఫ్రిస్కో_కొత్త:
అన్నలూ, అక్కా, చాలా థాంక్స్. ఈరోజు వెళ్లి కారణం రాసివ్వమన్నాను. రిపేర్ ఆర్డర్ మీద 'సన్‌రూఫ్ డ్రెయిన్ అడ్డుపడింది, బయటి కారణం' అని రాశారు. గ్లవ్‌బాక్స్‌లో ఉన్న మెయింటెనెన్స్ పుస్తకం మొత్తం చదివాను, డ్రెయిన్లు ఓనర్ శుభ్రం చేయించాలని ఒక్క చోట కూడా లేదు. నీళ్ల పరీక్ష అడిగితే రేపు పొద్దున తొమ్మిదికి రమ్మన్నారు. కార్పెట్ విప్పి ఆరబెడతాం, సంతకం పెట్టండి అన్నారు. పెట్టమంటారా?

ఫ్రీమాంట్_అక్క:
వద్దు. పరీక్ష, ఫొటోలు అయ్యేదాకా కార్పెట్ తడిగానే ఉండనివ్వండి. పాత మాడ్యూల్ కూడా పారెయ్యొద్దని రాసివ్వమనండి.

ఓరుగల్లు_ఇర్వింగ్:
రేపు నాకు సెలవే. ఎనిమిదిన్నరకి అక్కడే ఉంటా, వీడియో నేను తీస్తా.