బ్యాక్ బటన్ ఫోకస్: ఎవరికి పనికొస్తోంది, ఎక్కడ ఇబ్బంది పెడుతోంది?

కొత్తకన్ను: షట్టర్ బటన్ సగం నొక్కి ఫోకస్ చేయడమే నాకు అలవాటు. పక్షుల ఫొటోలు తీసేవారంతా ఫోకస్‌ను వెనక బటన్‌కు మార్చుకోమంటున్నారు. నా దగ్గర ఉన్నది ఏఎఫ్-ఆన్ బటన్ (ఆటోఫోకస్‌ను మొదలుపెట్టే వెనక బటన్) లేని పాత కానన్ డీఎస్ఎల్ఆర్. అందులో కుదురుతుందా? కుదిరినా అంత శ్రమ పడటం దండగ కాదు కదా?

పిట్టగోడ: కుదురుతుంది. నక్షత్రం గుర్తున్న బటన్‌ను వాడుకోండి. మెనూలోని కస్టమ్ ఫంక్షన్లలో ‘షట్టర్/ఏఈ లాక్ బటన్’ అని ఉంటుంది. అందులో చాలామంది ‘ఏఈ లాక్/ఏఎఫ్’ ఎంచుకుని ఊరుకుంటారు. అలా పెడితే షట్టర్ సగం నొక్కగానే ఎక్స్‌పోజర్ (ఫొటోకు అందే వెలుతురు లెక్క) బిగుసుకుపోతుంది. నీడలోంచి ఎండలోకి ఎగిరే పక్షికి అది పనికిరాదు. చివరి ఎంపిక ‘ఏఈ/ఏఎఫ్, నో ఏఈ లాక్’ పెట్టండి, ఫోకస్‌ను ఏఐ సర్వోలో (కదిలేదాన్ని వెంటాడే మోడ్‌లో) ఉంచండి. బొటనవేలు నొక్కి ఉంచినంతసేపు ఫోకస్ పక్షి వెంట పోతుంది, వేలు తీస్తే అక్కడే నిలిచిపోతుంది. పక్షికీ మీకూ మధ్య కొమ్మ అడ్డొచ్చినప్పుడు వేలు తీయండి, చాలు. దీని విలువ నాకు తెలిసింది అక్కడే.

సగంనొక్కు: ఇది కొత్త మోజు అనుకునేవారికి ఒక మాట. కానన్ దీన్ని 1989లోనే ఈఓఎస్ 630లో ఇచ్చింది. అప్పటికి ఫిల్మ్ కాలం!

ట్రైపాడ్‌రావు: నేను తీసేవి పక్షులు కావు, కొండలూ నీళ్లూ. వెలుతురును తగ్గించే నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ బిగించాక కెమెరాకు ఏమీ కనిపించదు, ఫోకస్ కోసం లెన్స్ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ ఉంటుంది. వెనక బటన్‌తో ముందే ఫోకస్ చేసుకుని ఫిల్టర్ బిగిస్తే, షట్టర్‌ను రిమోట్‌తో నొక్కినా ఫోకస్ కదలదు. ఏఎఫ్ నుంచి ఎంఎఫ్‌కు (చేత్తో ఫోకస్ చేసే పద్ధతికి) మీట మార్చడం, మళ్లీ వెనక్కి మార్చడం మరిచిపోవడం అనే బాధ తప్పింది.

ఎఫ్1.4: మనుషుల ఫొటోలకు మాత్రం జాగ్రత్త. కంటి మీద ఫోకస్ పట్టి, వేలు తీసి, ఫ్రేమ్ పక్కకు జరిపితే, ఎఫ్1.4 లాంటి వెడల్పాటి అపర్చర్‌లో (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం), అదీ దగ్గర నుంచి, ఫోకస్ కంటిని వదిలి మరోచోట పడుతుంది. తప్పు బటన్‌ది కాదు, జరపడానిది. ఫోకస్ పాయింట్‌నే కంటి దగ్గరకు తీసుకెళ్లండి.

అద్దంలేనివాడు: మిర్రర్‌లెస్ కెమెరా కళ్లను తనంతట తానే పట్టుకుంటోంది. ఇంకా ఈ బొటనవేలి వ్యాయామం ఎందుకండీ?

పిట్టగోడ: గడ్డి మధ్య కూర్చున్న పిట్ట విషయంలో అది ఎన్నిసార్లు గడ్డిపరకను పట్టుకుంటుందో చూడండి! నా కొత్త కెమెరాలో ఏఎఫ్-ఆన్‌కు కంటి ఫోకస్, పక్కనున్న నక్షత్రం బటన్‌కు ఒకే పాయింట్ ఫోకస్ ఇచ్చుకున్నాను. కన్ను దొరక్కపోతే వేలు పక్కకు జరిపితే సరి. షట్టర్‌కు ఫోకస్ ముడిపడి ఉంటే ఈ వెసులుబాటు ఇంత సులువుగా రాదు.

నిక్కచ్చి: నికాన్ వారికి: ఏఎఫ్-ఆన్ లేని కెమెరా బాడీల్లో ఏఈ-ఎల్/ఏఎఫ్-ఎల్ బటన్‌కు ఏఎఫ్-ఆన్ పని అప్పగిస్తే షట్టర్ ఫోకస్ చేయడం దానంతటదే ఆగిపోతుంది. సోనీలో ‘ఏఎఫ్ విత్ షట్టర్’ ఆఫ్ చేయాలి. నికాన్ డీఎస్ఎల్ఆర్‌లో వీఆర్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉన్న లెన్స్ వాడేవారు మరొకటి గమనించాలి: ఏఎఫ్-ఆన్ నొక్కితే వీఆర్ మేల్కోదు. షట్టర్‌నూ సగం నొక్కి ఉంచాలి. పొడవాటి లెన్స్‌తో తేడా వ్యూఫైండర్‌లోనే కనిపిస్తుంది.

కొత్తకన్ను: పెట్టేశాను, థాంక్సండీ. అయితే ఇంట్లో వాళ్లకు కెమెరా ఇచ్చి నన్ను తీయమంటే ఎలా? వాళ్లకు ఈ గొడవ చెప్పలేను.

సగంనొక్కు: మోడ్ డయల్‌ను ఆకుపచ్చ ఆటోకు తిప్పి ఇవ్వండి. మీ కానన్‌లో ఆ మోడ్‌కు కస్టమ్ ఫంక్షన్లు వర్తించవు, షట్టరే ఫోకస్ చేస్తుంది.

ఎడమకన్ను: నా సంగతి ఎవరూ అడగరు. ఎడమ కంటితో చూసేవారికి వెనక బటన్ మీది బొటనవేలు నేరుగా కళ్లద్దాలకు తగులుతుంది.

నిక్కచ్చి: కొన్ని బాడీల్లో ముందువైపు లెన్స్ పక్కనుండే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ బటన్‌కు (ఎంత లోతు వరకు స్పష్టంగా వస్తుందో ముందే చూపేది) కూడా ఏఎఫ్-ఆన్ ఇవ్వవచ్చు. ఉంగరపు వేలితో నొక్కవచ్చు. మీ మోడల్ చెప్పండి, ఆ వీలుందో లేదో చూద్దాం.