ఎర్ర పట్టా కింద టమాటా మారుతోంది, అరటిపండు మారట్లేదు. ఎందుకని?

వేళచ్చేరి_కోడలు:
మా వీధి చివర కూరగాయల బండికి ఎండ తగలకుండా ఎర్ర పట్టా కట్టారు. దాని కింద టమాటాలన్నీ ఒకే రకంగా నిగనిగలాడుతుంటాయి. ఒకటి పట్టుకుని ఎండలోకి చాపితే తొడిమ దగ్గర ఇంకా దోరే. అందుకే బండాయన ఎంత విసుక్కున్నా మా అత్తయ్యగారు ఒక్కోటీ బయటికి తీసి చూడందే తూకం వేయనివ్వరు. సరే, అది అర్థమైంది. అదే పట్టా కింద వేలాడే అరటిగెల మాత్రం నాకు పసుప్పచ్చగానే కనిపిస్తోందేంటి? ఎరుపు దాని మీదా పడుతోంది కదా?

టీనగర్_మ్యాచింగ్:
పడుతోందండీ. కానీ పైన ఎర్ర పట్టా ఉందని మెదడుకి తెలుసు, ఆ ఎరుపులో కొంత కొట్టేస్తుంది. పైగా అరటిపండంటే పసుపని మనకి నాటుకుపోయింది. 2006లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయం వాళ్లు తెర మీద అరటిపండు బొమ్మని పూర్తి బూడిదరంగుకి తెచ్చి ఆపమంటే, జనం కాస్త నీలం వైపు జరిపి ఆపారు. నిజంగా బూడిదరంగులో ఉన్నప్పుడు కూడా వాళ్లకి పసుపు ఛాయ కనబడిందన్నమాట! టమాటాని పచ్చిగా, దోరగా, పండుగా మూడు రకాలుగా చూశాం కాబట్టి దానికి ఆ సాయం తక్కువని నా ఉద్దేశం. ఇంకోటి, దోరకీ పండుకీ తేడా పట్టించేది ఆకుపచ్చ వెలుగు. ఎర్ర పట్టా ఆపేసేది దాన్నే.

మా కొట్లో రోజూ ఇదే తంతు. జాకెట్టు ముక్క ట్యూబ్‌లైటు కింద చీర అంచుతో అచ్చంగా కలిసిపోతుంది. గుమ్మం దాకా తీసుకెళ్తే ఒకటి మెరూన్, ఒకటి వంకాయ రంగు. రెండిటి అద్దకాలూ వేరు, ఒక వెలుగులో కలిసినా ఇంకో వెలుగులో విడిపోతాయి. అందుకే నేనే కస్టమర్లని ఉస్మాన్ రోడ్డు మీదికి వెళ్లి చూసుకోమంటా. ఓనరుకి నచ్చదు.

పెరంబూరు_తాతయ్య:
నాకు పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ సరిగా తెలియవు. ఈ చెన్నైలో ఆవిన్ (తమిళనాడు సహకార డెయిరీ) పాలని ఎవరూ రకం పేరు పెట్టి అడగరు, పాకెట్ రంగు చెప్తారు, మా ఆవిడతో సహా. ‘ఆవిన్ ఆరెంజ్ తెండి’ అంటుంది. ఆరెంజూ గ్రీనూ నాకు కవల పిల్లలే. కొవ్వు శాతం చదువుకుంటాను. 6 అయితే మాది, 4.5 అయితే పక్కింటివాళ్లది. బిస్కెట్ పాకెట్ల మీద చుక్క గోధుమరంగో ఆకుపచ్చో తేల్చడానికైతే మనవణ్ణి పిలవాల్సి వచ్చేది. 2020 లేబులింగ్ నిబంధనల్లో మాంసాహారం గుర్తుని త్రికోణం చేశారు, శాకాహారానిది గుండ్రంగానే ఉంచారు. ఎప్పుడో చేయాల్సిన పని.