క్యాన్సర్ రాకుండా చేసే మందు: ఏ జబ్బూ లేనివాళ్ల మీద ట్రయల్ చేయొచ్చా?

బాటసారి: రోగికైతే మందు వికటించినా బతకడానికి చేసిన ప్రయత్నం అనుకోవచ్చు. నిక్షేపంగా ఉన్న మనిషికి ఆ సమాధానం చెప్పగలమా? ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్లు 29 వేల మందితో బీటా కెరోటిన్ (క్యారెట్లలో ఉండే, ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) ట్రయల్ చేశారు. 1994లో ఫలితం వచ్చింది. ఆ మాత్రలు మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ!

మాధవి: ట్రయల్ చేయబట్టే ఆ సంగతి బయటపడిందండీ. లేకపోతే మంచిదేననుకుని జనం మింగుతూనే ఉండేవాళ్లు. రొమ్ము క్యాన్సర్‌కి వాడే టమాక్సిఫెన్ మందు మీద 1998లో వచ్చిన ఫలితం కూడా చూడండి. ముప్పు ఎక్కువున్న 13 వేల పైచిలుకు ఆడవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 49 శాతం తగ్గింది. మా అక్కకు అదే జబ్బు వచ్చింది. ఇలాంటి మందు ఒకటుందని ముందుగా ఒక్కరూ చెప్పలేదు.

బాటసారి: 49 శాతం అని ఊరించకండి. వెయ్యి మందిలో 43 మందికి రావాల్సింది 22 మందికి వచ్చింది, అంతే. మిగతా 957 మందికి మందు లేకపోయినా వచ్చేది కాదు. గర్భాశయ క్యాన్సర్, రక్తం గడ్డకట్టడం లాంటి ముప్పు మాత్రం వాళ్లూ మోశారు.

రవళి: 43కి 22 అంటే సగమే కదా. ఇద్దరూ చెప్పేది ఒకటే.

బాటసారి: ఒకటి కాదు. సంతకం పెట్టించేటప్పుడు ఏ అంకె చూపిస్తారో దాన్నిబట్టే మనిషి ఒప్పుకుంటాడు.

మాధవి: ఆ 21 మంది మీ లెక్కలోకి రారా? మా అక్క వాళ్లలో ఒకరై ఉండేదేమో! మనుషుల్ని ఇంత తేలిగ్గా ఎలా తీసిపారేస్తారు?

బాటసారి: నేనా తీసిపారేసేది? మా తమ్ముడు ఒక ట్రయల్‌లో చేరి కాలేయం పాడుచేసుకున్నాడు. అది ముగిశాక ఫోన్ ఎత్తే దిక్కు లేదు. "ఇష్టపడే చేరారు కదా" అన్నారు. వైద్యం ఖర్చంతా మేమే పెట్టుకున్నాం.

చంద్రం: ప్రోస్టేట్ క్యాన్సర్ రాకుండా ఆపుతాయేమోనని చూసిన సెలీనియం (ఒక ఖనిజం), విటమిన్ ఇ ట్రయల్‌లో మాత్రలు 2008లోనే ఆపేశారు. విటమిన్ ఇ వేసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని 2011లో తేలింది. మాత్ర ఆపాక కూడా గమనిస్తూ ఉండబట్టే తెలిసింది.

మాధవి: బాటసారి గారూ, అంటే మీ కోపం తర్వాత వదిలేసినందుకా?

బాటసారి: వదిలేస్తారని తెలిసీ చేర్చుకున్నందుకు. ఏళ్ల తరబడి చూసుకుంటామని, హాని జరిగితే వైద్యం తమదేనని ముందే రాసివ్వాలి. రాసివ్వకపోతే ట్రయల్ వద్దు.

మాధవి: అంత ఖర్చంటే ఎవరూ నివారణ మందుల జోలికే పోరు. అప్పుడు మాలాంటి కుటుంబాలు జబ్బు వచ్చేదాకా కూర్చోవాలా? నేనైతే ఆ కాగితం ఇవ్వకపోయినా చేరతాను.

బాటసారి: మీరు చేరండి. ఇంకొకర్ని చేరమని మాత్రం చెప్పకండి.