పుంజంబు లిర్వంకలన్: ‘లి’ సరియా, ‘ని’ సరియా?

పుస్తకాలగది:
నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. స్కాన్ చేసిన పాత పుస్తకాల్లో పుటలన్నీ సరిగా వచ్చాయో లేదో చూడడం నా పనుల్లో ఒకటి. అలా చూస్తూ చెట్ల మీది కథలూ నమ్మకాలూ ఏరి రాసుకోవడం నాకు మహా ఇష్టం. సంపెంగ మీద తుమ్మెద వాలదన్న మాట రాసుకుంటుంటే రామరాజభూషణుడి వసుచరిత్ర కావ్యంలోని ముక్కు పద్యం గుర్తొచ్చింది. తుమ్మెద తనను ఒల్లదని సంపెంగ తపస్సు చేసి, ఆడదాని ముక్కుగా పుట్టి, చూపులనే తుమ్మెదలను రెండు పక్కలా పెట్టుకుందట. “నానాసూనవితానవాసనల నానందించు సారంగ మేలా నన్నొల్లదటంచు గంధఫలి బల్కాకం దపంబంది” దాకా నోటికి వచ్చు. చివరి పాదంలో “పూనెం బ్రేక్షణమాలికా మధుకరీ పుంజంబు” దగ్గర ఆగిపోతున్నాను. “లిర్వంకలన్” అని నేర్చుకున్నట్టు గుర్తు. స్కాన్‌లో “నిర్వంకలన్” లాగా ఉంది, కానీ సరిగ్గా ఆ అక్షరం మీదే సిరా పాకింది. రెండు రోజులుగా ఇదే బుర్రలో తిరుగుతోంది. మీకు ఏది వచ్చు?

తాటాకు:
‘లి’. పుంజంబుల్ + ఇర్వంకలన్. కళ్ళు రెండు, ముక్కుకు చెరో పక్కన ఒక్కో తుమ్మెదల గుంపు. బహువచనం లేకపోతే ఆ బొమ్మ కుదరదు.

చంపకమాల:
‘ని’. “పూనెన్” అన్నాక కర్మ కావాలి. పుంజంబున్ + ఇర్వంకలన్, శుభ్రమైన ద్వితీయ (కర్మకు వచ్చే విభక్తి). “ప్రేక్షణమాలికా” అన్నప్పుడు మాలిక ఒక్కటే కదా, గుంపూ ఒక్కటే. అది రెండు వంకలా పరుచుకుంది. ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదు, ఎటు చదివినా శార్దూలం నిలుస్తుంది.

తాటాకు:
జడానికి, అంటే ప్రాణం లేనివాటికి, ద్వితీయార్థంలో ప్రథమ వస్తుందని వ్యాకరణకర్త చిన్నయసూరి చెప్పిందే. ద్రుతం (చివరి నకారం) లేకపోయినా కర్మకు లోటు లేదు.

చంపకమాల:
తుమ్మెదలు జడమా?

తాటాకు:
తుమ్మెదలు కావు, పుంజం జడం.

పాతఅచ్చు:
‘లి’, ‘ని’ తర్వాత చూద్దాం. అసలు గంధఫలి ఏది? అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో ఈ మాట రెండు చోట్ల ఉంది. “ఏతస్య కలికా గంధఫలీ స్యాత్” అని సంపెంగ మొగ్గకు చెప్పాడు. ప్రియంగువు అనే మొక్క పేర్లలోనూ “విష్వక్సేనా గంధఫలీ” అన్నాడు. ఈ రెండోది ఎవరూ పట్టించుకోరు. కాళిదాసు మేఘసందేశానికి రాసిన వ్యాఖ్యలో మల్లినాథుడు ఉదాహరించిన, ఏ చెట్టు దేనికి పూస్తుందో చెప్పే దోహదాల శ్లోకం “స్త్రీణాం స్పర్శాత్ ప్రియంగుర్వికసతి” అనే మొదలవుతుంది. ఆడవాళ్ళ చెయ్యి తగిలితే పూసే ప్రియంగువు చివరికి ఆడదాని ముఖంలోనే చోటు కోరుకుంది! ఈ అన్వయం నాకు ఎంతో నచ్చింది.

చంపకమాల:
అన్వయం అందంగా ఉంది, నిలవదు. తుమ్మెద ఒల్లనిది సంపెంగనే, ఆ కవిసమయం (కవులు ఆనవాయితీగా చెప్పే నమ్మకం) లేకపోతే పద్యమే లేదు. పైగా ముక్కుకు పోలిక విచ్చిన పువ్వుతో కాదు, మొగ్గతో. అందుకే చంపకం అనకుండా గంధఫలి అన్నాడు.

పుస్తకాలగది:
మొగ్గ అన్నది నాకు తట్టనే లేదు, రాసుకున్నాను. దోహదం ఎత్తారు కాబట్టి ఒక మాట. ఇప్పుడు “అభివృద్ధికి దోహదం” అని రోజూ రాస్తాం. గర్భిణి కోరికకీ, పూయడానికి చెట్టు పడే కోరికకీ అదే మాట. అశోకానికి తన్ను, సంపెంగకు నవ్వు, నమేరువుకు పాట, కర్ణికారానికి ఆట. ఎరువు కంటే ముందు చెట్టుకు మనసుందని నమ్మిన మాట ఇది.

పాతఅచ్చు:
తన్ను అంటే పారిజాతాపహరణం రాసిన నంది తిమ్మన దగ్గరికి వెళ్ళక తప్పదు. ఈ ముక్కు పద్యం కూడా ఆయనదేనని చాటుకథ ఉండనే ఉంది. కాళిదాసు అశోకం “వామపాదాభిలాషీ”, ఎడమకాలిని కోరేది. పారిజాతాపహరణంలో సత్యభామ కృష్ణుడి తల తన్నింది కూడా “వామపాదంబునం”. ఆ వెంటనే కృష్ణుడు ఏమంటాడు? “చెల్వగు నీ పదపల్లవంబు మత్తనుపులకాగ్రకంటకవితానము సోఁకిన నొచ్చు”నట. కాలు చిగురు, పులకించిన ఒళ్ళంతా ముళ్ళు. తన్ను తిని మొగ్గ తొడిగిన అశోకం ఇది. ఒక చెట్టు పువ్వు కోసం మొదలైన అలకలో తిమ్మన ఇంకో చెట్టును దాచాడని నా నమ్మకం.

తాటాకు:
ఎడమకాలు అవమానం పెంచడానికి. పులకలు సాత్త్వికభావం, ఒంట్లో దానంతట అదే కలిగే మార్పు. పాదాన్ని పల్లవం అనని ప్రబంధకవి ఎవరు? మూడు మామూలు మాటలు కలిపి అశోకం నాటారు మీరు.

చంపకమాల:
ఈ ఒక్కచోట నేను పాతఅచ్చు గారి వైపు. “కంటక” లేకపోతే మీతో ఏకీభవించేదాన్ని. కాలికి గుచ్చుకుంటుందేమోనని తన్నులు తిన్నవాడు బాధపడటం, అదీ తిమ్మన! ఆ “నొచ్చు” దగ్గర నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.

తాటాకు:
తిమ్మన గురించి నాకు పేచీ లేదు. పుంజం మాత్రం జడం.

పుస్తకాలగది:
ఇంకో ముద్రణ స్కాన్ తీశాను. అందులో ఆ పాదం చివరి మాటలు బైండింగు కుట్టులోకి పోయాయి. “మధుకరీ పు” దాకా కనబడుతోంది. సోమవారం అసలు ప్రతి తెప్పించి, పుట వంచకుండా భూతద్దం పెట్టి చూస్తాను. ఈలోగా నా చెట్ల నోటుపుస్తకంలో అశోకం కింద “నొచ్చు” పద్యం మొత్తం ఎక్కించాను.

చంపకమాల:
ఎక్కించేటప్పుడు “సోఁకిన”లో అరసున్న వదలకండి.