టీవీకి వైర్‌లెస్ కీబోర్డ్ రిమోట్: ఇంటిల్లిపాదికీ పనికొస్తుందా?

బాలసముద్రం_హన్మకొండ

మా ఇంట్లో పది రోజులుగా ఒకటే పంచాయితీ. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

హాల్లో 43 అంగుళాల టీవీ ఉంది. దాని వెనక చిన్న పీసీ బిగించి, వీడియోలు ఆడించే కోడి (Kodi) అనే సాఫ్ట్‌వేర్ వేశాను. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, బాపు ఏళ్లుగా దాచుకున్న ఒగ్గు కథల వీసీడీలు అన్నీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించాను. దీన్ని నడపడానికి రెండు చేతుల్లో ఇమిడే వైర్‌లెస్ కీబోర్డ్ ఒకటి కొన్నాను. దాని మీదే టచ్‌ప్యాడ్ ఉంటుంది. రెండు బొటనవేళ్లతో కొట్టొచ్చు, చీకట్లో కీలు వెలుగుతాయి. నాకు మాత్రం ప్రాణానికి హాయిగా ఉంది.

ఎందుకంటే, యూట్యూబ్‌లో చుక్క సత్తయ్య గారి ఒగ్గు కథ వెతకాలనుకోండి. ఆయన పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీతో కలిపి పదిహేను కీలు. టీవీ రిమోట్‌తో అయితే తెర మీది గడుల్లో బాణం బటన్ నొక్కుకుంటూ ఒక్కో అక్షరం దగ్గరికి నడవాలి. ఒక గడి దాటిపోతే మళ్లీ వెనక్కి. పేరు పూర్తయ్యేసరికి చూడాలన్న ఉత్సాహమే పోతుంది. కీబోర్డ్‌తో ఐదారు సెకన్ల పని.

మా ఆవిడ మాట వేరు. "ఇంట్ల నలుగురికి రాని వస్తువు రిమోట్ ఎట్లయితది?" అంటుంది. మిగతా రిమోట్లన్నీ లోపల పెట్టేసి ఇదొక్కటే ఉంచాలని నా ఆలోచన. తప్పా?

నర్సంపేట_కేబుల్

లోపల పెట్టలేవన్నా. కేబుల్ పనిలో ఉన్నాను, రోజూ ఇళ్లకు తిరిగేవాడిని కాబట్టి చెప్తున్నా.

మీ ఇంట్లో కేబుల్ కనెక్షన్ ఉంటే సెట్‌టాప్ బాక్సు ఉంటుంది. అది మామూలుగా ఇన్‌ఫ్రారెడ్ రిమోట్ మాటే వింటుంది. రిమోట్ మూతి దగ్గరుండే చిన్న బల్బు సెకనుకు దాదాపు 38 వేల సార్లు వెలిగి ఆరుతూ సంకేతం పంపుతుంది. మన కంటికి అది ఆనదు. ఫోన్ కెమెరా ముందు పెట్టి బటన్ నొక్కండి, ఊదారంగు మెరుపు కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో వెనక కెమెరాకు కనపడదు, అప్పుడు ముందు కెమెరాతో చూడాలి. రిమోట్ పోయిందా, సెల్లు అయిపోయిందా అని నేను చూసేది ఇట్లాగే.

మీ కీబోర్డ్ పంపేది వెలుగు కాదు, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో. అది దాని డాంగిల్‌కు, అంటే యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న రిసీవర్‌కు తప్ప వేరే దేనికీ వినపడదు. ఆ డాంగిల్ పీసీకి ఉంది. అంటే చానెల్ మార్చాలన్నా, టీవీ ఆన్ చేయాలన్నా పాత రిమోట్లే దిక్కు. రెండు ఉన్నచోట మూడయ్యాయి, అంతే. టీవీ పవర్ కోసం ఒక ఇన్‌ఫ్రారెడ్ బటన్ నేర్పించుకునే కీబోర్డ్‌లు ఉన్నాయి కానీ మీరు చెప్పినదాంట్లో అది ఉన్నట్టు లేదు.

ఇంకో సంగతి. "టీవీ వస్తలేదు" అని ఫోన్ చేస్తారు. పోయి చూస్తే బాక్సు బాగానే ఉంటుంది, కేబుల్ బాగానే ఉంటుంది. కొడుకు రాత్రి టీవీ ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐ 2కి మార్చి పడుకున్నాడు, పొద్దున తల్లికి నో సిగ్నల్. ఆమె ఎన్ని బటన్లు నొక్కినా రాదు. ఇట్లాంటి ఇళ్లు నేను చాలా చూశాను. ఇంట్లో పెద్దవాళ్లకు టీవీ అంటే ఎర్ర బటన్, చానెల్ నంబర్. దాన్ని కదిలించొద్దు.

కాజీపేట_ఫాతిమానగర్

నేను కీబోర్డ్ పక్షమే, గట్టిగా.

మా ఇంట్లో టీవీ అంటే చానెళ్లు కాదు. టీవీకి పీసీ కలిపి ఉంది. బాబు క్లాసులు, నా ఆఫీస్ మీటింగులు, కరెంట్ బిల్లు, రైలు టికెట్లు అన్నీ ఆ తెర మీదే. వీటిని బాణం బటన్లున్న రిమోట్‌తో చేయమంటే ఎట్లా? బ్రౌజర్‌లో యూట్యూబ్ పెట్టి కె నొక్కితే ఆగుతుంది, జె నొక్కితే పది సెకన్లు వెనక్కి, ఎల్ నొక్కితే పది సెకన్లు ముందుకు. లెక్కల పాఠంలో బాబు జె మీద వేలు పెట్టుకునే కూర్చుంటాడు. ఒక్క మెట్టు అర్థం కాకపోతే టక్కున వెనక్కి.

అన్నకు ఇంకో మాట. సత్తయ్య గారి పేరు ఇంగ్లిష్‌లో కొట్టకండి. సత్తయ్యను ఒక్కొక్కరు ఒక్కో స్పెల్లింగ్‌తో రాస్తారు, సగం వీడియోలు తగలవు. మీ పీసీలో విండోస్ ఉంటే, 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ (ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడేది) అందులోనే వస్తోంది. భాషల సెట్టింగ్‌లో తెలుగు కలిపితే చాలు. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే తెలుగులోకి మారుతుంది. ఒగ్గు కథ అని తెలుగులోనే కొట్టి చూడండి, ఊళ్లలో తీసి పెట్టిన రికార్డింగులు ఎన్ని బయటపడతాయో. మన భాషలో వెతికే వీలు టీవీ దగ్గర నాకు దొరికింది కీబోర్డ్‌తోనే. అందుకే దీన్ని వదులుకోను.

కేబుల్ అన్న చెప్పిన వెలుగు సంగతి నిజమే. కానీ ఆ వెలుగుకు అడ్డం లేకుండా ఉండాలి కదా. రేడియోకు ఆ బాధ లేదు. మా పీసీ టీవీ స్టాండ్ లోపల, చెక్క తలుపు వెనక ఉంటుంది. వంటింట్లోంచి కూడా పాట ఆపుతాను.

జమ్మికుంట_రిటైర్డ్_టీచర్

అందరూ కొట్టడం గురించి రాస్తున్నారు. నేను పట్టుకోవడం గురించి రాస్తాను.

మీ టీవీ రిమోట్ చేతిలోకి తీసుకోండి. కళ్లు మూసుకుని అంకెల మీద బొటనవేలు నడపండి. 5 మీద చిన్న బొడిపె తగులుతుంది. అది తగిలిందంటే పైన 2, కింద 8, ఎడమన 4, కుడిన 6. నాకు షుగర్ వల్ల చూపు తగ్గింది. కుడి కంటికి ఆపరేషన్ అయింది, ఎడమది అంతంత మాత్రం. ఆ బొడిపె ఆధారంగానే చానెల్ పెట్టుకుంటాను. వాల్యూమ్ బటన్ నిలువుగా పొడుగ్గా ఉంటుంది, వేలికి తెలుస్తుంది. పవర్ బటన్ మూలన ఒంటరిగా ఉంటుంది, అదీ తెలుస్తుంది.

మా అల్లుడు అలాంటి కీబోర్డే తెచ్చి నా చేతిలో పెట్టాడు. కీలు తొంభై పైచిలుకు. అన్నీ ఒకే సైజు, ఒకే ఎత్తు, పెసర గింజలు పరిచినట్టు. పెద్ద కీబోర్డ్‌కు ఎఫ్ మీద, జె మీద గీతలుంటాయి. దీనికి అవీ చేతికి తగల్లేదు. వేలు ఎక్కడుందో తెలియక, చూసి నొక్కుదామంటే అక్షరం ఆనక, ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాడు ప్రేమతోనే తెచ్చాడు. కానీ నాకు చేతనైన పని ఒకటి చేజారినట్టయింది.

ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పినవాడిని, కొత్తవి నేర్చుకోవడమంటే భయం లేదు. నేర్చుకోవడానికి వేలికి ఏదో ఒక గుర్తు దొరకాలి, అంతే. బాలసముద్రం తమ్ముడూ, మీ బాపు వయసెంత? ఆయన చేతికి ఇచ్చి చూశారా?

బాలసముద్రం_హన్మకొండ

సార్, బాపుకు 71. మీరు అడిగినాక దాచడం బాగుండదు, జరిగింది చెప్తాను.

సద్దుల బతుకమ్మ రోజు ఇల్లంతా చుట్టాలు. ఆడవాళ్లు బతుకమ్మలు పేర్చే పనిలో ఉన్నారు, హాల్లో తంగేడు, గునుగు, బంతిపూలు కుప్పలు. బాపు కొమురవెల్లి మల్లన్న కథ పెట్టమన్నాడు, పెట్టి బయటికి పోయాను. సోఫాలో కీబోర్డ్ మీద ఎవరో కూర్చున్నారు. కోడిలో ఎక్స్ నొక్కితే వీడియో ఆగిపోతుంది. కథ మధ్యలో తెగింది. బాపు కీబోర్డ్ చేతిలోకి తీసుకుని, అద్దాలు పైకి కిందికి జరుపుకుంటూ ఒక్కో కీ చూశాడట. ఏదీ నొక్కలేదట, ఉన్నది కూడా పోతుందేమోనని. నేను తిరిగొచ్చేసరికి కీబోర్డ్ పూల పక్కన పెట్టి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. "బిడ్డా, గిది నాతోని కాదురా, నువ్వున్నప్పుడే చూస్త" అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు టీవీ జోలికి రాలేదు. ఆ కథలన్నీ నేను ఎక్కించింది ఆయన కోసమే.

కాజీపేట అక్కా, తెలుగు ఫొనెటిక్ పెట్టాను. మీరన్నట్టే చాలా దొరికాయి. అందుకే నాకు రెండూ కావాలి. ఇంకో ఇబ్బంది: సోఫాలోంచి కొడితే ఒక్కోసారి అక్షరాలు ఎగిరిపోతున్నాయి, బాణం గుర్తు తడబడుతోంది. డాంగిల్ టీవీ వెనకే, పీసీ నీలం పోర్టులో ఉంది. హార్డ్‌డిస్క్ దాని పక్క పోర్టులో ఉంది.

హసన్‌పర్తి_ఎలక్ట్రానిక్స్

మీ తడబాటుకు కారణం ఆ నీలం పోర్టే అయి ఉండొచ్చు. నీలం రంగుది మామూలుగా యూఎస్‌బీ 3.0 పోర్టు. యూఎస్‌బీ 3.0 నడుస్తున్నప్పుడు పుట్టే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది. దీని మీద ఇంటెల్ 2012లోనే ఒక పత్రం వేసింది. హార్డ్‌డిస్క్ పక్కనే డాంగిల్ పెట్టడమంటే ఇనుప దుకాణం గుమ్మంలో నిలబడి గుసగుసలాడటమే. పైగా టీవీ వెనక రేకు అడ్డం. డాంగిల్‌ను నల్ల పోర్టులోకి మార్చి, ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగతో టీవీ ముందుకు, సోఫాకు కనపడేలా తీసుకురండి. కీబోర్డ్ మార్చాలనుకునేవాళ్లు ముందు ఈ తీగ వేసి చూడాలి.

కీబోర్డ్ పక్షం వాళ్లకు ఒక హెచ్చరిక. 2016లో బాస్టీల్ అనే భద్రతా సంస్థ, చౌక వైర్‌లెస్ కీబోర్డ్‌లు కొన్ని మనం కొట్టే ప్రతి అక్షరాన్నీ ఏ రహస్య సంకేతమూ లేకుండా గాల్లోకి వదులుతున్నాయని బయటపెట్టింది. ఎనిమిది కంపెనీల సరుకులో ఆ లోపం దొరికింది. దాదాపు 75 మీటర్ల దూరం నుంచి పట్టుకోవచ్చని చూపించారు. అది బ్లూటూత్ కీబోర్డ్‌ల గొడవ కాదు, సొంత డాంగిల్‌తో వచ్చే వాటిది. అపార్ట్‌మెంట్‌లో 75 మీటర్లంటే ఎన్ని ఇళ్లో చూసుకోండి. కాజీపేట అక్కా, కరెంట్ బిల్లు కడుతున్నానన్నారు. కొనేటప్పుడు ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్ (కొట్టిన అక్షరాలను రహస్య సంకేతంగా మార్చి పంపే పద్ధతి) ఉందని పెట్టె మీద రాసి ఉందో లేదో చూడండి. లేకపోతే డబ్బుల పాస్‌వర్డ్‌లు దాని మీద కొట్టొద్దు. సినిమా యాప్‌ల లాగిన్‌కైతే తెర మీద క్యూఆర్ కోడ్ వస్తే ఫోన్‌తో స్కాన్ చేస్తే సరిపోతుంది.

ఇక బాపు గారి విషయం. హెచ్‌డీఎంఐ కేబుల్‌లో 13వ పిన్ సీఈసీ కోసం. టీవీ రిమోట్ మీద నొక్కిన బటన్‌ను టీవీ ఆ తీగ మీదుగా వెనకున్న డబ్బాకు చేరవేస్తుంది. బాణాలు, ఓకే, వెనక్కి బటన్లతో కోడి నడిచిపోతుంది. అంటే ఆయనకు అలవాటైన రిమోటే చాలు. చిక్కల్లా ఏమిటంటే, మామూలు పీసీల హెచ్‌డీఎంఐలో చాలావరకు సీఈసీ ఉండదు. పీసీకైతే వేరే అడాప్టర్ కొనాలి. రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్‌లో మాత్రం ఉంటుంది.

బాలసముద్రం_హన్మకొండ

మా పెద్దోడి దగ్గర కాలేజీ ప్రాజెక్టుకు కొన్న రాస్ప్‌బెర్రీ పై 4 అల్మారాలో పడి ఉంది! ఆదివారం పెట్టి చూస్తాను. ఎక్స్‌టెన్షన్ తీగ ఇవాళే స్టేషన్ రోడ్డులో తెచ్చాను. అక్షరాలు ఎగరడం ఆగిపోయింది.

నర్సంపేట_కేబుల్

టీవీ సెట్టింగ్‌లో కూడా సీఈసీ ఆన్ చేయాలన్నా. అక్కడ ఆ పేరుతో కనపడదు. సామ్‌సంగ్‌లో ఎనీనెట్ ప్లస్ అంటారు, ఎల్‌జీలో సింప్‌లింక్, సోనీలో బ్రావియా సింక్. అది ఆఫ్‌లో ఉంటే ఎంత నొక్కినా కదలదు.

కాజీపేట_ఫాతిమానగర్

హసన్‌పర్తి అన్నా, పెట్టె తీసి చూశాను. ఎన్‌క్రిప్షన్ మాటే లేదు. బిల్లులు ఈ రోజు నుంచి ఫోన్‌లోనే కడతాను, టైపింగ్‌కు బ్లూటూత్‌ది చూస్తాను. ఈ విషయంలో మీరు చెప్పిందే సరి.

కానీ కీబోర్డ్ పెద్దవాళ్లది కాదు అనే మాట మాత్రం ఒప్పుకోను. మా అత్తమ్మ 66 ఏళ్ల మనిషి. నేను స్పేస్ కీ మీద ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి అతికించాను. ఆగాలన్నా నడవాలన్నా అదొక్కటే నొక్కుతుంది, మిగతా వాటి జోలికి పోదు. ఏడాదిగా నడుస్తోంది. టీచర్ సార్ అడిగిన గుర్తు మనమే పెట్టొచ్చు కదా?

జమ్మికుంట_రిటైర్డ్_టీచర్

బిళ్ల చేతికి తగులుతుందా అమ్మా, కంటికే కనపడుతుందా? నాకు చేతికి తగలాలి. బియ్యపు గింజంత ఎంసీల్ ముద్ద స్పేస్ మీద, వాల్యూమ్ పెంచే కీ మీద పెడితే ఎట్లా ఉంటుందో అల్లుడితో చేయించి చూస్తాను. అయినా ఆన్ చేయడానికి నా రిమోట్ నా పక్కనే ఉంటుంది.

బాలసముద్రం_హన్మకొండ

ఆదివారం సంగతి: రాస్ప్‌బెర్రీ పైలో కోడి వేశాం, హార్డ్‌డిస్క్ దానికి మార్చాం. టీవీలో సీఈసీ ఆన్ చేశాక టీవీ రిమోట్‌తోనే కోడి కదిలింది. సెట్టింగ్‌లో వెతుక్కోవడానికి మాత్రం కీబోర్డే కావాల్సి వచ్చింది. బాపుకు మూడు బటన్లు చూపించాను: కిందికి బాణం, ఓకే, వెనక్కి. మల్లన్న కథ పేరు తెర మీద కనిపించింది. ఆయన ఓకే నొక్కాడు. కాసేపటికి తనే ఆపి మంచినీళ్లు తాగి వచ్చి, మళ్లీ పెట్టుకున్నాడు.

కీబోర్డ్ టీవీ స్టాండ్ సొరుగులో పెట్టాను, సోఫా మీద వదలడం లేదు. రాస్ప్‌బెర్రీ పైలో తెలుగు టైపింగ్ ఇంకా కుదరలేదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి. సెట్‌టాప్ బాక్సు రిమోట్ అట్లాగే ఉంది, కేబుల్ అన్న చెప్పినట్టే.