25 వేలలో పాత టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్): ఏం చూసి కొనాలి?

ప్రశ్న: ఇంట్లో పాత సినిమా ఎల్‌పీలు, 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు) ఈపీలు చాలా ఉన్నాయి. రెండు సెట్లు చూశాను: జపాన్ నుంచి వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-క్యూ2, అమెరికా నుంచి తెచ్చిన ఒక బెల్ట్ డ్రైవ్ (మోటారు బెల్టుతో పళ్ళాన్ని తిప్పేది). ఏది తీసుకోమంటారు?

జవాబు 1: టెక్నిక్స్ తీసుకోండి. అమెరికా సెట్‌లో ఏసీ సింక్రనస్ మోటారు (కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేది) ఉంటే దాని పుల్లీ అక్కడి 60 హెర్ట్జ్‌ కోసం చేసింది. మన 50 హెర్ట్జ్ మీద ఎల్‌పీ స్పీడు 33⅓ కాస్తా 27.8 అవుతుంది, పాట ఈడ్చుకుంటూ సాగుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీ తగ్గిస్తుందే గానీ ఫ్రీక్వెన్సీని మార్చదు, పుల్లీ మార్చాల్సిందే. టెక్నిక్స్‌ది క్వార్ట్జ్ డైరెక్ట్ డ్రైవ్ (మోటారే నేరుగా పళ్ళాన్ని తిప్పుతుంది, స్పీడుని క్వార్ట్జ్ క్రిస్టల్ పట్టి ఉంచుతుంది), దానికి ఆ బెడద లేదు. జపాన్ సెట్ కాబట్టి 230 నుంచి 100 వోల్టులకు దించే స్టెప్‌డౌన్ పెట్టండి. 110 ఇచ్చేది వద్దు.

జవాబు 2: ముందు టోనార్మ్ (ముల్లుని మోసే చెయ్యి) చూడండి, అసలు ప్రాణం అక్కడే ఉంది. యాంటీ స్కేటింగ్ (ఆర్మ్ లోపలికి లాగకుండా సరిచేసే సర్దుబాటు) సున్నాలో పెట్టి, వెనక బరువు తిప్పి ఆర్మ్ గాల్లో తేలేలా చెయ్యండి. మెల్లగా ఊదితే ఎక్కడా పట్టెయ్యకుండా కదలాలి. హెడ్‌షెల్ (ఆర్మ్ చివర కార్ట్రిడ్జ్ బిగించే తల) పట్టుకుని అటూ ఇటూ కదిపితే టిక్కుమందా, బేరింగ్ వదులైనట్టే, ఆ సెట్ వదిలెయ్యండి. ముల్లు కొత్తదన్నా నమ్మొద్దు, అరిగింది రికార్డు గాడిని కోసేస్తుంది. ఏటీ-వీఎం95ఈ లాంటి కార్ట్రిడ్జ్ (ముల్లు ఉండే భాగం) ఖర్చు బడ్జెట్‌లోనే వేసుకోండి. దాని ముల్లు రికార్డు మీద ఆనే బరువు 2 గ్రాములు పెట్టాలి.

జవాబు 3: కొరియర్‌లో వస్తుంటే ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్ళెం), వెనక బరువు, హెడ్‌షెల్ విప్పి విడిగా చుట్టమనండి. ఆర్మ్‌ని రెస్ట్‌కి కట్టాలి. ప్లాటర్ అలాగే ఉంచితే కుదుపులకి స్పిండిల్ బేరింగ్ దెబ్బతింటుంది. అన్నట్టు, క్యూ2లో పాతకాలపు 78 ఆర్‌పీఎం రికార్డులకి కావాల్సిన స్పీడు లేదు.