సింగిల్ లైన్‌లో కంప్యూటర్ రైళ్లు ఎదురెదురుగా ఆగిపోతున్నాయి, సిగ్నళ్లు ఎక్కడ పెట్టాలి?

అరకు_బండి:
నమస్కారమండీ. ఏడు నెలలుగా ట్రైన్జ్ అనే రైలు ఆటలో కొత్తవలస–కిరండూల్ లైను కట్టుకుంటున్నాను. శివలింగపురం నుంచి అరకు దాకా ట్రాకు, సొరంగాలు అయిపోయాయి. నేను నడిపే బండి బాగానే పోతోంది. బాధంతా కంప్యూటర్ డ్రైవర్లతోనే.

అరకు వైపు నుంచి ఇనుప ఖనిజం గూడ్స్ దిగాలి, విశాఖ వైపు నుంచి పాసింజర్ ఎక్కాలి, రెండూ బొర్రా గుహల స్టేషన్లో క్రాసింగ్ కావాలి. ప్రతి స్టేషన్‌కీ హోమ్ (లోపలికి రావడానికి), స్టార్టర్ (బయలుదేరడానికి) సిగ్నళ్లు పెట్టాను. చిమిడిపల్లికీ బొర్రాకీ మధ్య దూరం ఎక్కువనిపించి, రెండు వైపులా చూసేలా ఇంకో జత సిగ్నళ్లు పెట్టాను. రాత్రి పదకొండున్నరకి చూస్తే రెండు బండ్లూ సొరంగం బయట ముక్కూ ముక్కూ ఆనించుకున్నట్టు నిలబడి ఉన్నాయి. ఒకదాని హెడ్‌లైటు ఇంకోదాని అద్దం మీద పడుతోంది. గంటసేపు చూశాను, కదల్లేదు.

లూప్_లైన్:
మధ్యలో పెట్టిన జత ముందు తీసెయ్యి బ్రో. ఈ ఆటలో సిగ్నల్ తన వైపే చూసే తర్వాతి సిగ్నల్ దాకానే ట్రాకు ఖాళీగా ఉందో లేదో చూస్తుంది. మధ్యలో సిగ్నల్ ఉంటే చిమిడిపల్లి స్టార్టర్‌కి సగం లైనే కనబడుతుంది, బొర్రా స్టార్టర్‌కి మిగతా సగం. రెండు సగాలూ ఖాళీయే, రెండూ పచ్చ ఇస్తాయి. ట్రాకు కట్టే సర్వేయర్ మోడ్‌లో ప్రతి సిగ్నల్ బాణం ఎటు ఉందో కూడా చూసుకో. తిరగబడి ఉంటే ఏఐ డ్రైవర్ దాన్ని అసలు లెక్కచేయడు.

పాత_స్టేషన్_మాస్టర్:
బాబూ, ఆయన చెప్పింది నిజం. నీ హోమ్ సిగ్నళ్లతోనూ ఇదే చిక్కు. ఇటు స్టార్టర్ చూపు అటు హోమ్ దగ్గరే ఆగిపోతుంది. రెండు స్టేషన్లలోనూ బండ్లు బయలుదేరకుండా నిలబడి ఉంటే మధ్య లైను ఇద్దరికీ ఖాళీగానే కనబడుతుంది.

అసలు లైనులో హోమ్ లేని స్టేషన్ నేను చూడలేదు. కానీ మాకు టోకెన్ ఉండేది. పక్క స్టేషన్ మాస్టరు లైన్ క్లియర్ (బండి పంపొచ్చన్న అనుమతి) ఇస్తేనే నీల్స్ మిషన్లోంచి ఆ టోకెన్, అంటే ఇనుప బంతి, బయటికొచ్చేది. ఒకటి బయట ఉండగా ఇంకోటి రాదు. సంచిలో వేసి, బెత్తం రింగుకి కట్టి ఇచ్చేవాళ్లం, డ్రైవరు చెయ్యి చాపి అందుకునేవాడు. అది చేతికి రాకుండా రెండు స్టేషన్ల మధ్య సెక్షన్లోకి అడుగు పెట్టడు. నీ ఆటలో ఆ బంతి లేదు కాబట్టి ఆ పని స్టార్టర్ ఒక్కటే చెయ్యాలి. హోమ్‌లు తీసెయ్యి. కంటికి కావాలంటే ఉత్త స్తంభం బొమ్మ నిలబెట్టుకో.

అరకు_బండి:
తీసేశాను సార్, సొరంగం దగ్గర గొడవ పోయింది! ఇప్పుడు కొత్తది. గూడ్స్ బొర్రా లూపులో (స్టేషన్లోని పక్క లైన్లో) ఆగుతోంది, పాసింజర్ మాత్రం స్టేషన్ బయటే నిలబడిపోతోంది. గూడ్స్ తోక లోపలికి రావట్లేదని స్టార్టర్‌ని లైన్లు కలిసే పాయింట్ల దాకా జరిపాను, దానివల్లేనా?

లూప్_లైన్:
దానివల్లే. ఇంజిన్ ముక్కు పాయింట్ల మీద ఉంది, పాసింజర్ ఎలా వస్తుంది? లూపు ఎంత పొడవు, ఎన్ని వ్యాగన్లు?

అరకు_బండి:
58 బాక్స్‌ఎన్ వ్యాగన్లు, రెండు లోకోలు, గార్డు వ్యాను. లూపు 600 మీటర్లు.

పాత_స్టేషన్_మాస్టర్:
వ్యాగన్ ఒక్కోటి 10.7 మీటర్లు. 58కి 620. లోకోలకి ఇంకో 40, పైన గార్డు వ్యాను. 670 దాటుతుంది. మా లూపులు 686 మీటర్లుండేవి, గూడ్స్ సరిగ్గా పట్టేది. స్టార్టర్ ఎప్పుడూ ఫౌలింగ్ మార్కుకి (దాటితే పక్క లైను బండికి అడ్డొచ్చే హద్దుకి) లోపలే ఉండాలి బాబూ. లూపు పెంచు, సిగ్నల్ జరపకు.

అరకు_బండి:
రెండు ఫౌలింగ్ మార్కుల మధ్య 720 వచ్చేలా పెంచాను, స్టార్టర్ వెనక్కి తెచ్చాను. ఇందాకే పాసింజర్ మెయిన్ లైన్లోకి వచ్చి ఆగింది. దాని చివరి బోగీ పాయింట్లు దాటగానే గూడ్స్‌కి పచ్చ పడింది. రెండూ చెరో వైపు వెళ్లిపోయాయి. నిద్రపోతున్న మా ఆవిడని లేపి మరీ చూపించాను. రేపు కరకవలస లూపు కొలుస్తాను సార్.